శాలువా కప్పేముందు కొలత అడగండి

సంపాదకులు గారికి,

నమస్కారం. సెప్టెంబరు 5 వస్తోందంటే ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు కూడా సన్మానాల సందడి మొదలవుతుంది. ఇప్పుడు ఆ సన్మానాల్లో 'డిజిటల్ విద్య' అనే పద్దు కూడా చేరింది. ఎన్ని ట్యాబ్‌లు పంచారు, ఎన్ని వీడియోలు తీశారు, ఎన్ని బడుల్లో స్మార్ట్ బోర్డు బిగించారు అన్నవి చూసి శాలువా కప్పుతున్నారు. కష్టపడిన ఉపాధ్యాయుణ్ణి గౌరవించడం తప్పు కాదు. కానీ విద్యలో సాంకేతికత మీద జరిగిన మంచి పరిశోధనను గుర్తించడం వేరే పని. దానికి అడగాల్సిన మొదటి ప్రశ్న 'ఎన్ని?' కాదు, 'దేనితో పోలిస్తే?' అన్నది. సరిహద్దు జిల్లాల్లోని డైట్‌లు (జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు), విశ్వవిద్యాలయాలు, తెలుగు సంఘాలు ఇలాంటి పురస్కారం పెట్టదలిస్తే ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలని ఈ ఉత్తరం.

బహుమతులకు కొరతేమీ లేదు. యునెస్కో 2005 నుంచే విద్యలో ఐసీటీ (సమాచార, ప్రసార సాంకేతికత) వినియోగానికి బహ్రెయిన్ రాజు హమద్ పేరిట బహుమతి ఇస్తోంది. 2021 సంవత్సరానికి అది మన ఎన్‌సీఈఆర్‌టీలోని సీఐఈటీకి (కేంద్ర విద్యా సాంకేతికత సంస్థకు) దక్కింది. ఐసీటీ వాడే బడి ఉపాధ్యాయులకు కేంద్రం జాతీయ పురస్కారాలు ఇస్తూ వచ్చింది. ఇవన్నీ ప్రధానంగా ఆచరణకు ఇచ్చేవి. 'ఈ పద్ధతి పనిచేసిందా, ఎవరికి పనిచేసింది, ఎంత ఖర్చుకు' అని శ్రమపడి తేల్చినవాళ్ళకు, ముఖ్యంగా 'పనిచేయలేదు' అని తేల్చినవాళ్ళకు, జిల్లా స్థాయిలో చప్పట్లు కొట్టేవాళ్ళు లేరు. కొలత ఎంత అరుదో యునెస్కో 2023 విద్యా పర్యవేక్షణ నివేదికే చెబుతోంది. బ్రిటన్‌లో విద్యా సాంకేతికత కంపెనీల్లో లాటరీ పద్ధతి పరీక్ష (కొత్త పద్ధతి ఎవరికివ్వాలో చీట్లు వేసి తేల్చి, మిగతావాళ్ళతో పోల్చేది) జరిపించుకున్నవి 7 శాతమేనట.

పోలిక లేకపోతే ఏమవుతుందో కెన్యా బడుల్లో చూశారు. గోడకు వేలాడదీసే పెద్ద పటాల పుస్తకాలు (మన దగ్గర ఫ్లిప్ చార్టులంటారు) ఉన్న బడులనూ లేని బడులనూ ఊరికే పక్కపక్కన పెట్టి చూస్తే, ఉన్న బడుల పిల్లల మార్కులు ప్రామాణిక విచలనంలో (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతలో) సుమారు 0.2 వంతు ఎక్కువ కనిపించాయి. ఆపైన 178 బడులు తీసుకుని లాటరీ వేసి సగానికి మాత్రమే చార్టులిచ్చి చూశారు. తేడా దాదాపు సున్నా. మొదటి లెక్కలో కనిపించింది చార్టుల మహిమ కాదు, చార్టులు కొనుక్కోగల బడుల స్తోమత. ఈ పరిశోధన 2004లో అచ్చయింది. అందులో పాల్గొన్న మైకేల్ క్రేమర్‌కు 2019లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. వాపు చూసి బలుపు అనుకోవద్దని మన పెద్దలు చెప్పిందాన్నే ఆయన బృందం లెక్కకట్టి చూపించింది.

మన దేశపు పరిశోధనల్లో శాలువాకు అర్హమైనవి ఎలా ఉంటాయో రెండు మూడు చెబుతాం. వడోదర మునిసిపల్ బడుల్లో నాలుగో తరగతి పిల్లలకు వారానికి రెండు గంటలు, ఇద్దరికొక కంప్యూటర్ చొప్పున గణితం ఆటలు ఆడించారు. మొదటి ఏడు 0.35, రెండో ఏడు 0.47 ప్రామాణిక విచలనం లాభం వచ్చింది. అంటే వందమందిలో సరిగ్గా మధ్యన, 50వ చోట ఉన్న పిల్లవాడు రెండో ఏడు లెక్క ప్రకారం సుమారు 68వ చోటికి ఎగబాకినట్టు. అక్కడితో ఆపి ఉంటే అది మరో విజయగాథ అయ్యేది. పరిశోధకులు కార్యక్రమం ముగిసిన ఏడాది తర్వాత మళ్ళీ పరీక్షించారు. లాభం 0.1 దగ్గరికి జారిపోయింది. 2007లో అచ్చయిన ఆ వ్యాసంలో రెండు అంకెలూ ఉన్నాయి. మేం మెచ్చుకునేది ఆ రెండో అంకె వేసినందుకు.

గుజరాత్‌లోనే జ్ఞానశాల బడుల పరిశోధన ఇంకా పదునైనది. ఒకే సాఫ్ట్‌వేర్‌ను రెండు విధాల వాడి చూశారు. ఉపాధ్యాయుడు పాఠం చెప్పే సమయం తీసేసి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టిన చోట పిల్లలు 0.57 మేర వెనకబడ్డారు. బడి వేళకు అదనంగా వాడిన చోట 0.28 లాభపడ్డారు. సాఫ్ట్‌వేర్ మంచిదా చెడ్డదా అని అడిగేవాళ్ళకు దీనిలో సమాధానం లేదు, టైంటేబుల్ వేసే హెడ్మాస్టరుకు మాత్రం ఉంది.

ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే చదువు సాఫ్ట్‌వేర్ మీద జరిగిన పరీక్ష 2019లో అచ్చయింది. ప్రధానంగా 6 నుంచి 9 తరగతుల పిల్లలు, 619 మంది. లాటరీలో పేరు వచ్చినవాళ్ళకు బడి బయట కేంద్రంలో వారానికి ఆరు రోజులు, రోజుకు 90 నిమిషాలు. నాలుగున్నర నెలల్లో గణితంలో 0.37, హిందీలో 0.23 లాభం. ఆరో తరగతి పిల్లలు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనక ఉన్నారని కూడా అందులోనే తేలింది. సాఫ్ట్‌వేర్ తరగతిని బట్టి కాకుండా పిల్లవాడు నిజంగా ఉన్న చోటును బట్టి లెక్కలిచ్చింది. అయితే ఒక మెలిక ఉంది. ఆ 90 నిమిషాల్లో 45 మాత్రమే సాఫ్ట్‌వేర్, మిగతా 45 చిన్న గుంపులకు మనిషి చెప్పిన పాఠం. లాభం రెండూ కలిసి తెచ్చినది. సాఫ్ట్‌వేర్ ఒక్కటే కొని '0.37 వస్తుంది' అని ప్రచారం చేసుకుంటే పరిశోధన చెప్పనిదాన్ని దాని నోట పలికించినట్టే.

దేశం బయట రెండు. పెరూ గ్రామాల్లో 318 బడుల్లో పరీక్ష పెట్టి, ఎంపికైన వాటిలో పిల్లవాడికొక ల్యాప్‌టాప్ ఇచ్చారు. గణితంలోనూ భాషలోనూ తేడా కనిపించలేదు. బోట్స్‌వానాలో 2020 లాక్‌డౌన్‌లో 4,500 కుటుంబాలతో మామూలు ఫోన్ మీద పరీక్షించారు. ఎస్సెమ్మెస్ ఒక్కటే పంపితే చెప్పుకోదగ్గ ఫలితం లేదు. దానికి వారం వారం ఓ పావుగంట ఫోన్‌కాల్ తోడైతే 0.12 లాభం. ఖరీదైన పరికరం ఓడి కీప్యాడ్ ఫోన్ గెలవడం మనకు నచ్చే కథే. కాకపోతే రాయగడ జిల్లాలో కాశీపూర్ వైపు కొండ ఊళ్ళకు అది యథాతథంగా పనికిరాదు, సిగ్నల్ అందని చోట కాల్ ఎలా చేస్తాం?

ఇక మన నేల మీద ఇలాంటి పరిశోధన చేయాలంటే ఏం కావాలో, ఎక్కడ చెడుతుందో చెప్పాలి. పురస్కార సంఘం దరఖాస్తుల్లో వెతకాల్సినవి ఇవే.

మొదట బడుల సంఖ్య. 0.2 విచలనం తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే (నిజంగా తేడా ఉంటే వందకు 80 సార్లు దొరికేలా, లేని తేడాను ఉందనుకునే పొరపాటు వందకు 5 దాటకుండా), పిల్లలను విడివిడిగా లాటరీ వేస్తే ఒక్కో పక్షానికి సుమారు 393 మంది చాలు. బడులకు బడులే లాటరీ వేస్తే అది చాలదు. ఒకే బడి పిల్లలు ఒకే మేష్టారి దగ్గర చదువుతారు కనుక ఒకరినొకరు పోలి ఉంటారు. ఆ పోలిక పాలు 0.2 అనుకుందాం. బడికి 20 మంది చొప్పున తీసుకుంటే 1 + 19 × 0.2 = 4.8 రెట్లు పెంచాలి. అంటే ఒక్కో పక్షానికి సుమారు 1,890 మంది, 95 బడులు. బడికి 40 మందిని తీసుకుంటే బడులు తగ్గుతాయనుకుంటారు, కానీ 87 దగ్గరే ఆగుతాయి. 5వ తరగతిలో పదిమందే ఉండే మన్యం బడులైతే 110 కావాలి. మేలు చేసేది మరొకటి: మొదట్లోనే పరీక్ష పెట్టి ఆ మార్కులను లెక్కలో కలపడం. ముందు మార్కులు చివరి మార్కుల తేడాల్లో సగాన్ని వివరించగలిగితే 95 బడులు సుమారు 48కి దిగుతాయి. నాలుగు బడుల్లో చేసి 'పరీక్షించి నిరూపించాం' అని రాసిన దరఖాస్తు వస్తే దాన్ని ప్రయోగాత్మక రూపకల్పన విభాగంలో చూడాలి. అక్కడ దానికి విలువ ఉంటుంది.

వెనకబడ్డ బడులనే ఏరి తెచ్చి ట్యాబ్‌లిచ్చి, మరుసటి ఏడు మార్కులు పెరిగాయని చూపడం ఇంకో ఉచ్చు. బాగా తక్కువ మార్కులొచ్చిన బడి మరుసటి ఏడు ఏమీ చేయకపోయినా కొంత పైకి వస్తుంది, ఆ ఏటి దురదృష్టం మళ్ళీ అంతే పాళ్ళలో రాదు కనుక. ఏరిన బడుల్లోనే చీట్లు వేసి సగానికిచ్చి, మిగతా సగానికి మరుసటి ఏడు ఇస్తామని చెబితే ఎవరికీ అన్యాయం జరగదు, పోలికా దక్కుతుంది.

భాష సంగతి మాకు అన్నిటికంటే దగ్గరది. గుణుపురంలో, కాశీనగర్‌లో ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ట్యాబ్‌లో హిందీయో ఇంగ్లిషో. కొండల మీద ఇంటి భాష కువి, సవర. తెలుగు పిల్లలే కదా అని ఆంధ్రలో తయారైన తెలుగు యాప్ తెచ్చి పెడితే అదీ సరిగ్గా అతకదు. ఒడియా మాధ్యమంలో చదివే పిల్లవాడు కూడికను మిశాణ అని, తీసివేతను ఫేడాణ అని, భాగహారాన్ని హరణ అని నేర్చాడు. భాగహారం చెయ్యమంటే వాడు తెల్లమొహం వేస్తాడు. హరణ అంటే మనకు సీతమ్మవారు గుర్తొస్తారు. అంకెలతోనూ ఇదే తంటా. ఒడియా పుస్తకంలో ఒడియా అంకెలు, తెర మీద ఇంగ్లిషు అంకెలు. ఒడియా నాలుగు చూపుకు తల తెరిచిన ఇంగ్లిషు ఎనిమిదిలా ఉంటుంది. ఇది పట్టించుకోకుండా పెట్టిన గణితం పరీక్ష చివరికి అక్షర పరీక్ష అవుతుంది.

కాబట్టి కొలిచే ప్రశ్నపత్రం ఎలా తయారైందో దరఖాస్తులో అడగాలి. ఒకరు ఒడియాలోంచి తెలుగులోకి, కువిలోకి మార్చాలి. అసలు చూడని మరొకరు దాన్ని తిరిగి ఒడియాలోకి మార్చాలి. రెండూ పక్కన పెట్టి తేడా వచ్చిన ప్రశ్నలు దిద్దాలి. ఆపైన పరిశోధనలో లేని ఓ 30 మంది పిల్లల మీద వాడి చూసి, అందరూ చేసేసినవీ ఎవరూ చేయలేనివీ తీసేయాలి. మాటల్లో ఉండే లెక్కలను చదివి వినిపించాలి, వట్టి అంకెల లెక్కలను వేరే భాగంగా పెట్టాలి. పరీక్షించేవాళ్ళకు ఏ బడికి ట్యాబ్‌లిచ్చారో తెలియకూడదు. ప్రశ్నలు యాప్‌లోంచే తీస్తే అది చదువును కొలవదు, యాప్ అలవాటును కొలుస్తుంది. కంపెనీల సొంత నివేదికల్లో పెద్ద పెద్ద అంకెలు కనిపిస్తే ముందు చూడాల్సింది ఇదే.

సవరకు మరో చిక్కు. 1936లో మంగేయి గొమాంగో రూపొందించిన సొరాంగ్ సొంపెంగ్ లిపికి యూనికోడ్‌లో 2012లో చోటు దొరికింది. ఫాంట్ లేని పాత ట్యాబ్‌లో అది ఖాళీ డబ్బాల వరసగా కనిపిస్తుంది. పరికరాలు కొనే ముందే ఒక పేజీ తెరిచి చూసుకుంటే సరిపోయే పని.

పిల్లలు మధ్యలో మాయం కావడం మా వైపు పెద్ద సమస్య. కోతలయ్యాక ఇటుక బట్టీలకు వలసపోయే కుటుంబాలతో పిల్లలూ పోతారు. మార్చిలో చివరి పరీక్ష పెడితే దొరికినవాళ్ళ మార్కులే మిగులుతాయి. ఉదాహరణకు ట్యాబ్ బడుల్లో వందకు 90 మంది, పోలిక బడుల్లో 78 మంది దొరికారనుకోండి. ట్యాబ్ కోసమే ఆగిన ఆ అదనపు 12 మంది చదువులో ముందువాళ్ళో వెనకవాళ్ళో మనకు తెలియదు. అప్పుడు ట్యాబ్ బడుల 90 మందిలో పై మార్కుల 12 మందిని తీసేసి ఒకసారి, కింది మార్కుల 12 మందిని తీసేసి ఒకసారి లెక్క కట్టి, నిజం ఈ రెండు అంకెల నడుమ ఉందని రాయాలి. రెండింటికీ మధ్య సున్నా పడితే నిరూపణ కానట్టే. ముందే జాగ్రత్త పడాలంటే మొదటి పరీక్ష జులైలో, చివరిది వలసకు ముందు, ఇంకొకటి మరుసటి ఏడు జులైలో పెట్టుకోవాలి. ఊరి పేరు, బట్టీ ఉన్న జిల్లా, ఇంట్లో ఇద్దరి ఫోన్ నంబర్లు మొదటి రోజే రాసుకోవాలి. ఆ కాగితం మార్కుల ఫైలుతో కలవకుండా వేరే బీరువాలో ఉండాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం 18 ఏళ్ళలోపు వాళ్ళ వివరాలకు సాధారణంగా తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. ఇంగ్లిషు ఫారం మీద వేలిముద్ర వేయించి అదే అనుమతి అనడం మర్యాద కాదు, ఇంటి భాషలో చదివి వినిపించాలి.

ఇక యంత్రాల వైపు. 'రోజుకు 40 నిమిషాలు వాడారు' అన్న లెక్క ఎక్కడిదని అడగండి. ట్యాబ్ లాగ్‌లోంచి అంటారు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన ట్యాబ్ మళ్ళీ లేచినప్పుడు గడియారం పాత తేదీకి పోవచ్చు. నెట్ లేని బడిలో దాన్ని సరిదిద్దేవాళ్ళు ఉండరు. రాస్ప్‌బెరీ పై 4 వంటి చిన్న సర్వర్‌లో అసలు గడియారపు చిప్పే లేదు. కరెంటు పోయి వస్తే ఎక్కడ ఆగిందో అక్కడినుంచే తేదీ లెక్కపెడుతుంది. అలా వేర్వేరు రోజుల పాఠాలు ఒకే రోజు జరిగినట్టు లాగ్‌లో పడొచ్చు. డీఎస్3231 అనే చిన్న గడియారపు మాడ్యూల్, దానికో నాణెం బ్యాటరీ పెడితే ఈ బాధ తీరుతుంది. దానితో పాటు మొదలైన వేళ, ముగిసిన వేళ కాగితం రిజిస్టర్‌లో రాయాలి. ఒక ట్యాబ్ ముందు ఇద్దరు కూర్చుంటే లాగిన్ ఒకరిదే ఉంటుంది. అన్న పేరు మీద తమ్ముడు ఆడతాడు. వారానికి ఒకరోజు చెప్పకుండా వెళ్ళి ఎవరి ముందు ఎవరి లాగిన్ ఉందో తలలు లెక్కపెట్టిన పరిశోధకుణ్ణి మేం ఎక్కువ నమ్ముతాం.

ఛార్జింగ్ లెక్క చిన్నదే, కానీ కార్యక్రమాలు కూలేది ఎక్కువగా ఇక్కడే. 6,500 ఎంఏహెచ్ ట్యాబ్ ఒకటి నిండడానికి దాదాపు 25 వాట్-అవర్లు. 15 ట్యాబ్‌లకు 375, నష్టాలు కలుపుకుంటే 500. 12 వోల్టుల 150 ఏహెచ్ ఇన్వర్టర్ బ్యాటరీలో 1,800 ఉన్నా సగానికి మించి వాడితే ఆయుష్షు తగ్గుతుంది కనుక చేతికొచ్చేది 900. ఒక రోజు ఛార్జింగ్‌కు సరిపోతుంది. ఆఫీసు గది ఫ్యాను, లైటు, ప్రింటరు అదే లైను మీద వేస్తే సరిపోదు. ఎన్ని రోజులు పాఠం జరగలేదో, ఎందుకో రాయని నివేదికకు మార్కులు తగ్గించాలి.

ఖర్చు కూడా అంతే నిక్కచ్చిగా అడగాలి. లెక్క కోసం ట్యాబ్ 12,000 రూపాయలు, మూడేళ్ళు బతుకుతుందనుకుందాం. 15 ట్యాబ్‌లకు ఏడాదికి 60,000. రెండు జట్లుగా 60 మంది పిల్లలు వాడితే తలకు 1,000. దగ్గరుండి చూసుకునే మనిషికి నెలకు 8,000 చొప్పున పది నెలలు ఇస్తే తలకు మరో 1,333. అంటే మనిషి ఖర్చే ఎక్కువ. దాన్ని వదిలేసి 'పిల్లవాడికి వెయ్యి రూపాయలే' అని రాయడం కాకి లెక్క.

ఇది కొత్త తరహా ఆశ ఏమీ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాది పాటు ఉపగ్రహ టీవీ ప్రయోగం (సైట్) ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్ళలో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్, ఒడిశా రెండూ ఉన్నాయి. తెలుగులోనూ ఒడియాలోనూ పాఠాలొచ్చాయి. ఇస్రో టీవీలు పెట్టి వెళ్ళిపోలేదు. సామాజిక పరిశోధకులను ఊళ్ళలో కాపురం పెట్టించి చూసిందంతా రాయించింది. అంతకు ముందే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవర నేర్చుకుని, వాచకాలు రాసి, సవర పిల్లలకు బడులు పెట్టారు. ఆ భాషా వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లిషు నిఘంటువు 1938లో వచ్చాయి. మూడు దశాబ్దాలు దాటిన పని అది. ఆరు నెలల నివేదికకు మాత్రమే తలుపు తెరిచే పురస్కారమైతే ఆయన దరఖాస్తు గడప దగ్గరే ఆగిపోయేది.

అందుకని పురస్కారం నడిపే తీరు గురించి మా సూచనలు. విభాగాలు రెండు చాలు: లాటరీ పోలికతో కొలిచిన పరిశోధన ఒకటి, రూపకల్పన లేదా భాషా వనరుల పరిశోధన ఒకటి. కువి పలుకుల రికార్డింగులు, మూడు భాషల గణిత పదకోశం వంటివి రెండో దానిలోకి వస్తాయి. మొదటి విభాగంలో, ఏం కొలుస్తామో డేటా చేతికి రాకముందే ఎక్కడైనా నమోదు చేసి ఉండాలి. అమెరికన్ ఎకనామిక్ అసోసియేషన్ రిజిస్ట్రీ 2013 నుంచి ఇలాంటి నమోదుకే ఉంది. పది కొలతలు తీసి గెలిచిన ఒక్కటే చూపించే ఎత్తు అప్పుడు సాగదు. నిర్ణేతలు ఐదుగురైతే ఒకరు గణాంకాలు తెలిసినవారు, ఒకరు ఆ పిల్లల భాష మాట్లాడేవారు, ఒకరు ప్రాథమిక బడిలో పాఠం చెప్పేవారు ఉండాలి. పరికరాలు అమ్మేవాళ్ళు, పరిశోధనకు డబ్బిచ్చినవాళ్ళు నిర్ణేతల్లో ఉండకూడదు. దరఖాస్తుతో పాటు పేర్లు తీసేసిన మార్కుల ఫైలు ఇవ్వాలి: బడి కోడ్, పిల్లల కోడ్, లాటరీలో ఏ పక్షం, మొదటి మార్కు, చివరి మార్కు, ఇంటి భాష, హాజరు రోజులు, మధ్యలో పోతే కారణం. గుణుపురంలోనూ పర్లాకిమిడిలోనూ ఇంజినీరింగ్ విశ్వవిద్యాలయాలున్నాయి. అక్కడి విద్యార్థులెవరైనా ఆ ఫైలు నుంచి నివేదికలోని ప్రధాన అంకెను మళ్ళీ రాబట్టగలగాలి. రాకపోతే దరఖాస్తు వెనక్కి.

సొమ్ములో సగం ప్రకటించిన రోజు, మిగతా సగం ఏడాది తర్వాత మళ్ళీ పెట్టిన పరీక్ష ఫలితం బయటపెట్టిన రోజు ఇవ్వాలి. ఆ రెండో ఫలితం ఎలా వచ్చినా సరే, సొమ్ము ఆపకూడదు. ఆ ఒక్క నిబంధన కరపత్రంలో మొదటి వరసలోనే అచ్చు వేయమని నిర్వాహకులకు మా మనవి.

ఇట్లు,
కొందరు తెలుగు ఉపాధ్యాయులు, విద్యా పరిశోధకులు
రాయగడ, ఒడిశా